నలభై తొమ్మిది మిల్లీమీటర్ల పిడి

నిబంధనకు లోబడి ఉన్న ఒక పిస్తోలును నిబంధనకు విరుద్ధమని రాశారు. కొలిచిన పెట్టెలోనే లోపం ఉందని, అలా రాయించినవారికి పదిహేడు నెలల తరువాత తెలిసింది. తెలిసిన తరువాత పెట్టెను మార్చారు. రాతను మార్చలేదు. పద్నాలుగేళ్ళుగా ఆ రాత అలాగే ఉంది. ఇప్పుడది ఒక పుస్తకంలో అచ్చుకు వెళుతోంది.

ఆ పిస్తోలు ఏవిస్ పెంగెల్లీది. కూరాంబీ ఆసుపత్రి లాండ్రీలో ఆమె ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది. ఈ గనుల ఊళ్ళో సగంమందిని పుట్టగానే చుట్టిన గుడ్డలు ఆమె ఉతికినవే. గనిలోంచి పైకి తెచ్చిన శవాల మీద కప్పిన దుప్పట్లు కూడా ఆమె ఉతికినవే. నేను కూరాంబీ పిస్తోలు క్లబ్బుకు ఇరవై ఆరేళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. ఈ వృత్తాంతంలో నా పాత్ర ముఖ్యంగా ఒక సంతకం. దాని సంగతి దాని చోట చెబుతాను.

1979 ఆగస్టులో లాండ్రీలోని వేడి రోలర్ల ఇస్త్రీ యంత్రం ఏవిస్ కుడిచేతిని లోపలికి లాగింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు తీసేయవలసి వచ్చింది. ప్రమాద నివేదికలో కారణం అన్న గడిలో ‘పనివారి అజాగ్రత్త’ అని ఉంది. ఆ యంత్రానికి రక్షణ కడ్డీ లేదని అంతకు నాలుగు నెలల ముందే ఆమె రాసి ఇచ్చిన కాగితం నకలు నా దగ్గర ఉంది. పదకొండు వారాలకు తిరిగి పనిలోకి వచ్చి, అదే యంత్రం ముందు నిలబడింది.

భర్త లెన్ గనిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై చనిపోయాక, ఆదివారాలు ఇంట్లో ఒక్కతే కూర్చోలేక మా క్లబ్బుకు రావడం మొదలుపెట్టింది. తుపాకీ కోసం రాలేదు. పోటీలు జరిగే రోజున పెనం దగ్గర నిలబడి సాసేజీలూ ఉల్లిపాయలూ వేయించి, రొట్టెముక్కల్లో పెట్టి అందరికీ ఇచ్చేది. రెండేళ్ళ తరువాత ఒకనాడు నేనే క్లబ్బు పిస్తోలు ఆమె చేతికిచ్చాను. పాతకాలపు ఉక్కు పిస్తోలు, మంచి బరువు. చెయ్యి చాపిన మరుక్షణం దాని మూతి నేల చూసింది.

“ఇది నా చేతిలో నిలవదు సెడ్రిక్. దీన్ని పట్టుకోవాల్సిన రెండు వేళ్ళూ లాండ్రీలో వదిలేసొచ్చా,” అంది.

“వెళ్ళి తిరిగిమ్మని అడగలేకపోయావా?”

“అడిగా. నీ అజాగ్రత్త అన్నారు.”

అయినా తరువాతి ఆదివారం మళ్ళీ అడిగి తీసుకుంది. ఏడాది గడిచేసరికి లైసెన్సు తెచ్చుకుని, సొంతానికి ఒక పిస్తోలు కొనుక్కుంది. పాయింట్ టూ టూ, ఆటగాళ్ళు వాడే అతి చిన్న తూటా పేల్చేది. ఒళ్ళంతా అల్యూమినియమూ ప్లాస్టిక్కూ. ఏడువందల గ్రాములు కూడా తూగదు. పొలాల్లో డబ్బాల మీద సరదాగా పేల్చుకోవడానికి తయారుచేసిన వస్తువు అది. దాన్ని తీసుకుని పోటీ గీత దగ్గర నిలబడితే మావాళ్ళు ఊరుకుంటారా?

“ఏవిస్, దాన్లో నీళ్ళు పోశావా లేదా?” అన్నాడు ఎవరో.

“పోశాలే. ఇలా రా, మొహం కడుగుతా.”

తేలిక పిస్తోలుతో ఉన్న చిక్కు ఆ పని చేసినవారికి తెలుసు. బరువైనది చేతి వణుకును తనలో ఇముడ్చుకుంటుంది. తేలికది మనిషి గుండె కొట్టుకోవడాన్ని కూడా మూతిదాకా మోసుకుపోతుంది. పోనీ గొట్టానికి ముందువైపు ఉక్కు బిళ్ళ తగిలిద్దామంటే, మూడు వేళ్ళ చెయ్యి ఆ ముందుబరువును ఆపలేదు. కనుక ఆమెకు బరువు కావాలి, ఆ బరువు అరచేతిలోనే ఉండాలి, లేని రెండు వేళ్ళ ఖాళీ నిండాలి. ఇదంతా ఏ అంగట్లోనూ దొరకదు.

రెండు చలికాలాలు ఆమె ఈ పనిలో ఉంది.

బరువు కోసం గిడ్జీ కట్టె ఎంచుకుంది. అది తుమ్మ జాతిదే గాని, నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. అన్నగారి గొర్రెల పొలంలో అరవై ఏళ్ళ క్రితం పాతిన కంచె గుంజ ఒకటి విరిగితే మూరెడు ముక్క తెచ్చుకుంది. రంపం పళ్ళు రెండుసార్లు పోయాయి. ఆ కట్టె తడిస్తే కుళ్ళిన కాబేజీ ఉడికినంత కంపు. ఆమె దాన్ని తడిబట్టతో తుడుస్తూ క్లబ్బు వరండాలో కూర్చుంటే, కార్యవర్గ సమావేశాన్ని ఒకసారి ఆరుబయటికి మార్చుకోవలసి వచ్చింది. ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో కూడా ఉంది.

ముందు కిటికీ అద్దాలకు పూసే పుట్టీ ముద్దను పిడికిట బిగించి, చేతి ఆకారం తీసుకుంది. దాన్ని చూసి కట్టెను చెక్కింది. అక్కడి నుంచి పని ఆకురాయిది. అరచేతికి లిప్‌స్టిక్ పూసుకుని పిడి పట్టుకునేది. ఎర్రగా అంటిన చోట కట్టె ఎక్కువ ఉన్నట్టు, అంటని చోట చెయ్యి ఆనడంలేదన్నట్టు. అంటిన చోట ఆకురాయితో నాలుగు గీతలు గీసి, తుడిచి, మళ్ళీ పూసుకునేది. మందుల షాపులో అమ్మాయి ఒకనాడు, “ఏంటి ఏవిస్, నెలకో లిప్‌స్టిక్కా? ఎవరాయన? చెప్పవా?” అందట. “గట్టివాడే. అరవై ఏళ్ళ బట్టీ గొర్రెల్ని కాస్తున్నాడు. వంగడు,” అని ఈమె జవాబు.

ట్రిగ్గరు పని తాను ముట్టుకోలేదు. నగరంలో లైసెన్సు ఉన్న తుపాకుల మెకానిక్కుకు పంపింది. అతను వెనక్కి పంపిన ధ్రువపత్రం నా దగ్గరుంది: ట్రిగ్గరు నిబంధన కోరిన వెయ్యి గ్రాముల లాగుడు మోస్తుంది, అంతకు మించగానే ఎండుపుల్లలా తెగి పేలుతుంది అని రాశాడు. గురి చూసే ఇనుప పలక మెరుస్తుంటే, తండ్రి గనిలో వాడిన కార్బైడు దీపం వెలిగించి ఆ మసితో నల్లబరిచేది.

పిడి విషయంలో మాత్రం ఆమెకు ఒక హద్దు ఉంది. ఈ పోటీలో పిస్తోలు మొత్తంగా ఒక కొలతపెట్టెలో పట్టాలి: మూడువందల మిల్లీమీటర్ల పొడవు, నూటయాభై ఎత్తు, యాభై వెడల్పు. కంపెనీ పిడులు ముప్ఫై అయిదు, నలభై ఉంటాయి. వాళ్ళకు ఈ పెట్టెతో పేచీ లేదు. ఏవిస్ చేతికి, లేని వేళ్ళ చోట ఒక గుబ్బ, అరచేతి కింద ఒక అంచు కావాలి. కనుక నిబంధన ఇచ్చినంతా ఆమె వాడుకోవలసి వచ్చింది. పని ముగిశాక నా ఎదుటే వెర్నియరుతో కొలిచింది. నలభై తొమ్మిది.

“ఇంకో మిల్లీమీటరు ఉంచుకోవచ్చుగా?” అన్నాను.

“దాన్ని మర్యాద కోసం వదిలా,” అంది.

పిస్తోలు ఇప్పుడు పదకొండు వందల గ్రాములకు దగ్గరగా వచ్చింది. ఆ బరువంతా ఆమె అరచేతిలోనే ఉంది. అరవై తూటాలకు ఆరువందల పాయింట్ల పోటీలో ఆమె స్కోరు అయిదువందల పన్నెండు నుంచి అయిదువందల ముప్ఫైకి, నలభైకి పాకింది. నీళ్ళ పిస్తోలు మాట ఎవరి నోటా రాలేదు. ఆ రోజుల్లో ఆమె నడక కూడా మారింది. లాండ్రీలో ఎవరైనా చేతివంక చూస్తే ఇదివరకు జేబులో దాచుకునేది; ఆ చలికాలం తరువాత దాచడం మానేసింది.

1997 అక్టోబరు పందొమ్మిదో తేదీ, ఆదివారం. పడమటి జిల్లాల పిస్తోలు సంఘం వార్షిక పోటీలు మా క్లబ్బులో జరిగాయి. ఏడు ఊళ్ళ నుంచి అరవైమంది వచ్చారు. పరికరాల తనిఖీ అధికారి రస్సెల్ హాథర్లీ. మా దగ్గర అందరూ రెండేసి పనులు చేస్తారు. ఆయన తనిఖీ చేసేవాడు, పోటీలోనూ ఉండేవాడు. అందులో తప్పేమీ లేదని అప్పట్లో అందరమూ అనుకున్నాం. ఏవిస్ కూడా ఆ రోజు రెండు పనుల మీద ఉంది. పోటీలో ఉంది, మధ్యాహ్నం భోజనాల పెనం దగ్గరా ఆమే.

ఉదయం ట్రిగ్గరు బరువు మాత్రం తనిఖీ చేశారు. కొలతపెట్టె హాథర్లీ కారులో ఉండిపోయిందన్నారు. పోటీ అయ్యాక స్కోర్లు వచ్చాయి: ఏవిస్ పెంగెల్లీ 551, రస్సెల్ హాథర్లీ 546. మొదటి ముగ్గురి పిస్తోళ్ళనూ పెట్టెలో పెట్టి చూడడం ఆనవాయితీ కనుక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. పైన్ చెక్క పెట్టె. లోపల పక్కలకూ అడుగుకూ బిలియర్డ్స్ బల్ల మీద పరిచే పచ్చని ఉన్నిగుడ్డ కొత్తగా అతికించి ఉంది.

ఏవిస్ పిస్తోలు సగందాకా దిగి ఆగిపోయింది.

“దిగట్లేదు ఏవిస్,” అన్నాడు హాథర్లీ.

“దిగుద్ది. నిన్న మా క్లబ్బు పెట్టెలో దిగింది. మళ్ళీ పెట్టు.”

“రెండుసార్లు పెట్టాను. నొక్కి పెట్టకూడదు, నీకూ తెలుసు.”

ఆమె చేతిసంచిలోంచి వెర్నియరు తీసి పిడి మీద పెట్టింది. “ఇదిగో, నలభై తొమ్మిది. నువ్వే చదువు.”

“వెర్నియర్లు, క్లబ్బు పెట్టెలు ఒప్పుకోం. రూలులో సంఘం పెట్టె అనే ఉంది.”

“పెట్టెలో పచ్చగుడ్డ అని కూడా ఉందా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హాథర్లీ నవ్వలేదు. “పిస్తోళ్ళు గీసుకుపోకుండా నేనే వేశాను. మొన్న వసంతంలో నా పిస్తోలు పాలిష్ పోయింది. కాస్త ఖరీదైన వస్తువులు ఉన్నవాళ్ళకి తెలుస్తుందిలే ఆ బాధ.”

ఈసారి మరికొంతమంది నవ్వారు.

ఆయన కావాలని ఆ గుడ్డ అతికించాడని నేను అనను. ఆయనకు తన జర్మన్ పిస్తోలంటే ప్రాణం. మా ఆటలో అందరికీ ఉన్న జబ్బే అది. పిస్తోలుకు గీత పడితే మా ఇళ్ళలో భోజనాలు జరగవు. ఆ మురిపెంలో, కొలిచే వస్తువుకు లోపల ఏమి అంటించినా కొలత మారుతుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. తట్టని నేరానికి ఈ కాగితం రాయడం లేదు.

అభ్యంతరం ఉంటే ఇరవై నిమిషాల్లో, రాతలో ఇవ్వాలి. ఫారం నా బల్ల మీదే ఉంది. ఏవిస్ ఫారం చేతికి తీసుకుంది. అప్పటికి ఒంటిగంట దాటింది. అరవైమంది పళ్ళేలు పట్టుకుని పెనం ముందు వరుసలో ఉన్నారు. ఎవరో కేకేశారు, “ఏవిస్, ఇవాళ పెడతావా, రేపు రమ్మంటావా?” అని. ఆమె ఫారాన్ని నా బల్ల మీద పెట్టి, “ఇది చూస్తుండు, వీళ్ళ నోళ్ళు మూయించి వస్తా,” అని వెళ్ళింది. ఆ చేతితో ఒక పేజీ రాయడానికి ఆమెకు పది నిమిషాలు పడుతుంది. నేను రెండు నిమిషాల్లో రాసి పెట్టగలను. రాయలేదు. ఫలితాల పట్టిక తయారుచేయమని హాథర్లీ అడుగుతుంటే ఆ పనిలో పడ్డాను. పెంగెల్లీ పేరుకు ఎదురుగా ‘అనర్హత – అక్రమ పరికరం’ అని ఆయన చెప్పగా నేనే రాశాను. కింద సంతకం నాదే.

పెనం దగ్గర హాథర్లీ వంతు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

“ఉల్లిపాయలు వెయ్యనా రస్సెల్?”

“వెయ్యి. ఏమీ అనుకోకు ఏవిస్, రూలు రూలే.”

“అనుకోడానికి తీరికేదీ? నీ వెనకాల ఇంకా ముప్ఫైమంది ఉన్నారు.”

ఆమె చేతులు తుడుచుకుని వచ్చేసరికి ముప్ఫై అయిదు నిమిషాలైంది. ఫారం తీసుకోవడానికి వీల్లేదన్నారు. ఆమె ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

అది అక్కడితో ఆగినా బాగుండేది. నవంబరు ఏడున సంఘం నుంచి ఉత్తరం వచ్చింది: అక్రమ పరికరం వాడినందుకు విచారణ ముగిసేదాకా ఏవిస్ పెంగెల్లీ ఏ క్లబ్బులోనూ పోటీ చేయరాదు. విచారణ సంఘంలో ముగ్గురు. పదకొండు నెలల్లో వారు ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. ఒకరికి గొర్రెల ఉన్ని కోతలు, ఒకరికి మోకాలి ఆపరేషను, మూడోవారు హాథర్లీ. మా చట్టంలో పిస్తోలు లైసెన్సు ఉండాలంటే ఏడాదిలో ఆరు పోటీలైనా ఆడి క్లబ్బు పుస్తకంలో సంతకం ఉండాలి. ఆడవద్దన్నది సంఘం. ఆడలేదని లైసెన్సు రద్దుచేసింది పోలీసుశాఖ. పోలీసులను నేను తప్పుపట్టను, వారి ముందున్నది ఖాళీ పేజీ.

పిస్తోలు అప్పగించడానికి ఆమెతో స్టేషనుకు వెళ్ళాను. అక్కడి సార్జెంటు లెన్‌తో కలిసి చదువుకున్నవాడు. కాగితం నింపి, చాలాసేపు పిస్తోలును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది ముక్కలు చేయాలి ఏవిస్. నా చేతిలో లేదు,” అన్నాడు.

“తెలుసులే. చేసెయ్.”

“ఈ పిడి నువ్వే చేశావా?” అని స్క్రూడ్రైవరు తెచ్చి రెండు మరలూ విప్పాడు. “కట్టెముక్క తుపాకీ కిందకి రాదు. పట్టుకెళ్ళు.”

ఆమె తీసుకుంది. బయటికి వచ్చాక నా చేతిలో పెట్టి, “నీ దస్తావేజుల్లో పడెయ్యి, నాకొద్దు,” అంది.

1999 మార్చి పద్నాలుగు నాటి సంఘం మినిట్స్‌లో ఆరో తీర్మానం ఇది. అక్షరం మార్చకుండా రాస్తున్నాను: ‘కొలతపెట్టె లోపలి గుడ్డ వల్ల వెడల్పు తగ్గుతున్నట్టు గమనించడమైనది. ఇకముందు అల్యూమినియం పెట్టె వాడవలెను. పాత పెట్టెను పారవేయవలెను.’ ప్రతిపాదించినది ఆర్. హాథర్లీ. పారవేయమన్న పెట్టెను నేను తెచ్చుకున్నాను. లోపలి వెడల్పు నలభై ఏడు మిల్లీమీటర్లు. గుడ్డ పీకిన చోట కొలిస్తే సరిగ్గా యాభై. ఒక కొసన గుడ్డను అలాగే ఉంచాను, ఎవరైనా చూడదలిస్తే చూడవచ్చు. గిడ్జీ పిడి ఈనాటికీ నలభై తొమ్మిదే.

ఆ వారమే హాథర్లీ ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్ళాను.

“నిజమే సెడ్రిక్,” అన్నాడు. అబద్ధమాడలేదు. “గుడ్డ మందం ఎక్కువే. అయితే ఇప్పుడేం చేస్తాం చెప్పు? షీల్డు మీద నా పేరు చెక్కేశారుగా.”

“చెక్కింది చెరపొచ్చు.”

“చెరిపితే మచ్చ కనపడుద్దయ్యా. అందరూ ఏమైందని అడుగుతారు.”

“అడగనీ.”

“నువ్వు రాసిందే కదా ఆ పట్టిక? సంతకం కూడా నీదేగా?” అని గల్లా వైపు తిరిగాడు.

అప్పటినుంచి సంఘానికి పద్నాలుగు ఉత్తరాలు రాశాను. తొమ్మిదింటికి జవాబు లేదు. నాలుగింటికి ‘అభ్యంతరం గడువులోగా రాలేదు’ అని ఒకే వాక్యం వచ్చింది. ఒకదానికి, 2004లో, ‘ఈ విషయంపై మీ ఆసక్తికి ధన్యవాదాలు’ అని వచ్చింది.

ఏవిస్ తరువాత ఏ ఆదివారమూ క్లబ్బుకు రాలేదు. ఊరు చిన్నది. మాంసం దుకాణంలో ఒకనాడు, “తూకం సరిగ్గా చూసుకో ఏవిస్, కొలతల్లో నిన్ను మించినవాళ్ళు లేరుగా,” అన్నాడట కొట్టువాడు. వాడు నవ్వులాటకే అన్నాడు. ఆమె ఆ రోజు నుంచి ఊరి రెండో చివరనున్న దుకాణానికి నడిచి వెళుతోంది. చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది. నాతో ఆమె ఈ విషయం మాట్లాడింది ఒక్కసారే, లాండ్రీ నుంచి విరమించిన రోజున.

“నాకు షీల్డు వద్దు సెడ్రిక్. స్కోరు కూడా వద్దు. ‘అక్రమం’ అని ఉంది చూడూ, ఆ ఒక్క మాట తీయించగలవా?”

“తీయిస్తాను,” అన్నాను. తీయించలేకపోయాను. ఆమెకిప్పుడు డెబ్బై మూడేళ్ళు.

ఈ ఏడాది మే నెలలో సంఘం స్వర్ణోత్సవ పుస్తకం ప్రూఫులు నాకు పంపారు, ‘పేర్లలోని అక్షరదోషాలు మాత్రమే’ సరిచూడమని. ఎనభై ఎనిమిదో పుటలో 1997 ఫలితాలున్నాయి. మొదటి వరుసలో హాథర్లీ, 546. అడుగున చిన్న అక్షరాల్లో: ‘ఎ. పెంగెల్లీ – అనర్హత, అక్రమ పరికరం.’ ఆమె పేరులో అక్షరదోషం లేదు. పుస్తకం ఆగస్టు ఒకటిన అచ్చుకు వెళుతుంది. ప్రతి క్లబ్బుకూ, మా ఊరి గ్రంథాలయానికీ ఒక్కో ప్రతి ఇస్తారట.

రస్సెల్ హాథర్లీ గారూ, సంఘ కార్యవర్గ సభ్యులారా! 1997లో నేను పెట్టిన సంతకాన్ని ఈ కాగితంతో వెనక్కి తీసుకుంటున్నాను. నా వంతు అదే కనుక అది ముందు చేశాను. ఇక మీ వంతు. ఆగస్టు ఒకటికి ముందే ఎనభై ఎనిమిదో పుటను తిరిగి కూర్చండి. ‘అక్రమ’ అన్న మాట తీసివేయండి. ఆమె అడిగింది అంతే. జరిగింది మాత్రం అంతకంటే ఎక్కువ, కనుక ఏవిస్ పెంగెల్లీ, 551 అని మొదటి వరుసలో రాయండి. ఎందుకు మార్చారో ఆ పుటలోనే ఒక వాక్యంలో ఒప్పుకోండి. 1999 నాటి ఆరో తీర్మానం మీరు రాసినదే, మళ్ళీ రాయడానికి కష్టమేమీ ఉండదు. ఆ ఒప్పుకోలు నకలు మీద కార్యవర్గమంతా సంతకాలు చేసి, పగటిపూట, నలుగురూ చూస్తుండగా ఆమె ఇంటికి నడిచి వెళ్ళి, ఆమె కుడిచేతికి ఇవ్వండి. తపాలాలో పంపవద్దు.